దుప్పటి చాటున రెండో సాక్షి

తడి దుప్పటి వెనుక, బోర్లించిన బకెట్టు మీద, అరుదైన పక్షుల నమోదు సంఘపు కార్యదర్శి ఆసీనుడై ఉన్నాడు. సింహాసనానికి సింహాలు ఉండితీరాలన్న నియమమేదీ లేదు గనుక దీనినీ సింహాసనమనే అనుకోవచ్చు. కాకపోతే అడుగున ఒక పగులుంది, అది కూర్చున్న మహానుభావుడి తొడను ఉండుండి గిల్లుతున్నది, ఆ గిల్లుడు కూడా ఎవరో కావాలని చేస్తున్నట్టే ఉంది, ఎందుకంటే ఇంట్లో పగలని బకెట్లు ఉండగా మేడమీదికి ఈ బకెట్టే ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, ఆమే తెచ్చింది, బట్టలు తెచ్చినది ఆమే కదా, సరే, బకెట్టు సంగతి తరువాత. ముందు మడుగు. తీగమీద ఆరేసిన రెండు దుప్పట్ల నడుమ జానెడు సందు, సందులో దుర్భిణి, దుర్భిణికి అవతల సిమెంటు డాబా, డాబా నడుమ నీళ్ళ ట్యాంకు గొట్టం కారి కారి ఏర్పడిన మడుగు, మడుగుకు ఆవలి కొసన, ఇతనికి సరిగ్గా ఎదురుగా, మెట్లగది తలుపు. ఈ ఉదయం ఆ మడుగు అంచున, ఈ ప్రాంతంలో ఎన్నడూ కాలు మోపని ఉత్తరదేశపు పిట్ట ఒకటి వచ్చి నిలిచిందని ఆరోపణ. సంఘం భాషలో దాన్ని వార్త అంటారు. కార్యదర్శి మనసు మాత్రం మొదటినుంచీ ఆరోపణ అనే అంటుంది. ఆరోపించినది స్వయానా భార్య.

ఆమె మెట్లు దిగి వచ్చిన తీరు ఇంకా కళ్ళ ముందే ఉంది, చంకలో క్లిప్పుల బుట్ట, ముంజేతులమీద ఆరీ ఆరని సబ్బునురగ, ముఖంలో మాత్రం పండగ. అతడు అద్దం ముందు సగం గడ్డం గీసుకుని ఉన్నాడు. "ఏమండీ, పైన ఒక పిట్ట వచ్చిందండీ. రోజూ వచ్చే ఆ తోకాడించే పిట్టలాగే ఉంది, కానీ అది కాదు. దాని మొహం—" "ఆగు!" అని అతడు అరిచిన అరుపుకు బ్లేడు చెంప మీద ఒక ఎర్రటి గీత గీసింది. ఆగమనక ఏమంటాడు? రెండో సాక్షి మొదటి సాక్షి నోట ఒక్క ఈక రంగు కూడా వినరాదు. విన్న చెవి చూసే కంటికి లంచం పెడుతుంది. కాబట్టి ఇద్దరు సాక్షులూ వేరువేరుగా చూచి, వేరువేరుగా కూర్చుని, చూచిన చోటనే రాసి, ఆ తరువాతనే నోరు విప్పవలెను. ఈ మహానియమాన్ని రచించినవాడు ఇతడే, దానికి మెచ్చి చప్పట్లు కొట్టినవాడూ, ఆనాటి సమావేశానికి మరెవరూ రానందున, ఇతడే. "సరే, చెప్పను," అంది ఆమె. "మీకు తప్ప అందరికీ చెప్తాను." అన్నంత పనీ చేసింది. కింది అంతస్తులో చెప్పింది, లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడికి చెప్పింది, పాలవాడు మరునాడు వస్తాడు గనుక బతికిపోయాడు. ఇప్పుడు ఈ భవనంలో ఆ పిట్ట ముఖం ఎలా ఉంటుందో ఎరగనివాడు ఒక్కడే మిగిలాడు, శాస్త్రప్రపంచం తరఫున దాన్ని గుర్తించవలసినవాడు.

ఫోను కూడా ఆమె దగ్గరనుంచి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు, ఉత్తరదేశపు పిట్టల బొమ్మలు వెతికి చూసుకుని జ్ఞాపకాన్ని కల్తీ చేసుకుంటుందేమోనని. తన పుస్తకాలను కూడా అట్టలు కనబడకుండా గోడవైపు తిప్పాడు. "మరి మళ్ళీ వస్తే ఫొటో ఎట్లా తీయనండీ?" అంది ఆమె. ఫొటో కన్నా నీ జ్ఞాపకం చెడకుండా ఉండడం ముఖ్యమన్నాడు. "ఇన్నేళ్ళకు నా జ్ఞాపకం ముఖ్యమైందన్నమాట," అని బీరువావంక చూసింది. అప్పుడే, నిజానికి, ఆ మాట వచ్చింది, ఈ బకెట్టు మీద కూర్చోబెట్టిన మాట. "నేను చూశానండీ," అంది. "చూశావని నువ్వంటున్నావు," అన్నాడు. "నేను కాక ఇంకెవరంటారు, చూసింది నేనైతే?" అని, క్లిప్పుల బుట్ట కింద పెట్టి, "ఈసారి కూడా నమ్మకపోతే, చెబుతున్నా వినండి, ఇక నేను ఏదీ చూడను. పాలు పొంగినా చూడను. మీ చొక్కాకి చిరుగున్నా చూడను. గుమ్మంలో ఏనుగు నిలబడినా మీరే వెళ్ళి సాక్ష్యం రాసుకోండి," అంది. నవ్వుతూ అనవలసిన మాట అది. ఆమె నవ్వలేదు. ఈసారి కూడా, అన్నది. ఆ 'కూడా' ఏమిటి?

ఈ సాయంత్రం సంఘం కూర్చుంటుంది, అధ్యక్షుడైన పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో, రోగులు లేచివెళ్ళిన కుర్చీలలో, గోడమీద పుచ్చుపళ్ళ పటాల సాక్షిగా. ఒంటి సాక్షి, ఛాయాచిత్రం లేని వార్త అయితే 'నిరూపణ కానివి' అనే పెద్ద కట్టలోకి పోతుంది, పోవలసినదే, దాన్ని కట్టేదీ దారం ముడివేసేదీ కార్యదర్శి చేతులే. రెండో సాక్షి ఉంటేనే రెండో కట్ట, ఆ కట్ట ఇప్పటికీ వేలెడు మందం కూడా లేదు, అది తన నిష్ఠకు ప్రమాణమని ఇతడూ, తన అజీర్తికి కారణమని డాక్టరుగారూ అంటూ ఉంటారు. "పిట్టలన్నిటినీ మీరు జైల్లో పెట్టేశారు సాక్ష్యంగారూ," అంటాడాయన. సాక్ష్యంగారు అన్నది బిరుదు. ఎగతాళి అనుకునేవారు అనుకోవచ్చు. పగలంతా బ్యాంకులో సంతకాలు పోల్చి చూడడం వృత్తి అయినవాడికి, ప్రతి 'ర'కారపు వంపులోనూ ఒక దొంగ నక్కి ఉంటాడని తెలుసు, నిజమైన సంతకం రోజుకో తీరుగా ఉంటుందనీ ఒకే తీరుగా ఉన్నదే దొంగదనీ కూడా తెలుసు, ఇంత తెలిసినవాడు నమ్మడం ఎలా, ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనేవాళ్ళు దేశం నిండా ఉండగా, ఈనిన ఎద్దును ముందు చూపించమనేవాడు ఒక్కడైనా ఉండవద్దా?

మెట్లమీద అడుగుల చప్పుడు. ఆమెవి కావు, ఆమెవి తేలిక. తలుపు తోసుకుని వచ్చినవాడు కింది అంతస్తు పంజరాల పెద్దాయన, మూడుగదుల ఇంట్లో రెండు గదులు పిట్టలకిచ్చి మిగిలిన గదిలో భార్యతో సర్దుకుంటున్న మనిషి. ఆరేసిన బనియన్ల కోసం వచ్చాడు, లేదా అలా వచ్చినట్టు వచ్చాడు. దుప్పట్ల సందులోంచి పొడుచుకు వచ్చిన దుర్భిణిని చూసి కాసేపు నిలబడ్డాడు.

"ఏం సాక్ష్యంగారూ, దుప్పటి ఆరిందో లేదో దుర్భిణీ పెట్టి చూస్తున్నారా? చేత్తో తడిమితే చాలదూ?"

"నెమ్మదిగా మాట్లాడండి. మడుగు దగ్గరికి పోకండి."

"ఓహో, ఆ పిట్ట కోసమా! మీ ఆవిడ చెప్పిందిలెండి. భలే వింతగా ఉంది. దాని గొంతు కింద—"

కార్యదర్శి రెండు చెవులూ మూసుకుని, అంతటితో తృప్తి పడక, పూర్వం పాఠశాలలో నేర్చిన ఎక్కాలు గట్టిగా చదవసాగాడు. పెద్దాయన పెదవులు కదిలి ఆగినట్టు రూఢి చేసుకున్నాక చేతులు దించి, సూటిగా, బ్యాంకులో చెక్కు తిప్పి చూసే చూపుతో అడిగాడు: "మీ పంజరాల్లో ఏదైనా తగ్గిందా?"

"అంటే? నా పిట్టే పారిపోయి వచ్చిందంటారా?"

"నేనేమీ అనలేదు. అడుగుతున్నాను."

"మీరడగడం మేము వినడం కొత్తా? నా పిట్టలకి తలుపు తీసిపెట్టినా పోవండీ. బయట అద్దెలెలా మండుతున్నాయో వాటికీ తెలుసు." బనియన్లు భుజాన వేసుకుని గుమ్మందాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఒక్కమాట చెప్పనా? పాపం, ఆవిడ పొద్దుట మా ఇంట్లో కూర్చుని చెప్తుంటే చిన్నపిల్లలా ఉంది మొహం. మీరు మాత్రం కాళ్ళకి కట్లున్నాయేమో చూస్తారు. పిట్టకైనా, పెళ్ళానికైనా." పోయాడు. పిట్టకైనా పెళ్ళానికైనా, ఎంత చక్కగా అమరింది వాక్యం, ముందే కూర్చుకుని వచ్చాడా? తగ్గలేదని మాత్రం అనలేదు. గమనించవలసిన సంగతి. పారిపోవని అన్నాడు, తగ్గలేదని అనలేదు.

అందుకే కాళ్ళు చూడాలి. ఎవరేమన్నా ముందు కాళ్ళే చూడాలి. పంజరం నుంచి తప్పించుకున్న పక్షిని పట్టిచ్చేవి కాళ్ళే, చీలమండకు లోహపు కట్టు ఉంటుంది, కట్టు తీసేస్తే కట్టు ఒరిసిన చోట పొలుసు లేచి ఉంటుంది, కొమ్మ ఎరుగని గోళ్ళు పెరిగి వంకర తిరిగి ఉంటాయి, తోక చివరలు ఇనుప ఊచలకు రాసుకుని చీపురులా చెదిరి ఉంటాయి, రెక్కలలో ఒకటో రెండో ఈకలు కత్తెర రుచి చూసి ఉంటాయి. ఇవేవీ లేవని తేలితేనే అది తన ఇష్టప్రకారం తానై వచ్చిన పిట్ట. పిట్ట ఏది అన్న ప్రశ్న ఆ తరువాత, అది చిన్న ప్రశ్న, కనుబొమ మీది తెల్లగీత చెవిదాకా పోయి ఆగితే రోజూ వచ్చే ఊరిపిట్ట, ఆగకపోతే ఉత్తరాదిది, పుస్తకాలన్నీ చెబుతాయి, ఎవరైనా చూడగలరు. ఎవరైనా చూడగలిగినదాన్ని చూడడానికి కార్యదర్శి ఎందుకు?

దుప్పటి అంచునుంచి ఒక బొట్టు జారింది, మోకాలిమీద పడింది, చల్లగా. ఈ దుప్పటిమీది నీలిపూలు ఒకప్పుడు ఇంకా నీలంగా ఉండేవి, కొన్ననాడు ఆమె ఇవి వెలిసిపోతాయండీ అంది, అంగడివాడు ప్రమాణం చేసి పోవన్నాడు, ఇతడు అంగడివాణ్ణి నమ్మాడు, ఎందుకు నమ్మాడు, వాడు రసీదు ఇచ్చాడు గనుక. పెళ్ళైన కొత్తలో ఆమె నాకు పాడడం రాదండీ అంటే అది వినయమని నమ్మలేదు, పట్టుబట్టి పాడించాడు, ఆనాడు మాత్రం సాక్ష్యం తిరుగులేకుండా దొరికింది. వంటింట్లో గ్యాసు వాసన వస్తోందంటే ముక్కులు అందరికీ ఒకలాగే ఉండవన్నాడు, సబ్బునీళ్ళు పూసి బుడగలు లేచేదాకా వాసన వాసన కాదన్నాడు. కడుపులో నొప్పి అంది ఒకసారి. ఏ వైపు, ఎప్పటినుంచి, ఇంతకుముందు వచ్చిన నొప్పికీ దీనికీ తేడా ఏమిటి, పొడిచినట్టా మెలిపెట్టినట్టా. ఆమె మొదట పొడిచినట్టు అని తరువాత మెలిపెట్టినట్టు అంది, సాక్ష్యంలో పొంతన లేదు, గోరువెచ్చని నీళ్ళు తాగి పడుకోమన్నాడు. ఆ తరువాత తెల్లకోటు మనిషి ఒక్క వేలు పెట్టి నొక్కి ఒక్క ముక్కలో చెప్పగానే నమ్మాడు, డాక్టరును. చక్రాల బల్లమీద ఆపరేషను గదికి తోసుకుపోతుండగా ఆమె తల ఇటు తిప్పి, "నేనూ అదే చెప్పాను కదండీ," అంది, కోపంగా కాదు, మరిచిపోయిన వస్తువు ఎక్కడుందో గుర్తుచేసినట్టు. తలుపులు మూసుకున్నాయి, రబ్బరు అంచుల తలుపులు, వాటికి చప్పుడుండదు. ఆ 'కూడా' అక్కడిదేనా?

కానీ ఆగాలి, ఇంత జాలి ఎందుకు పుడుతున్నది, జాలి పుట్టించడానికే ఇదంతా అయితే? ఇన్నేళ్ళూ పిట్టలంటే మీరూ మీ సంఘమూ అన్న మనిషి, తెల్లారి లేచి వెళుతుంటే ఆ పిట్టలకైనా మీరొచ్చేది ఇష్టమో కాదో కనుక్కున్నారా అన్న మనిషి, హఠాత్తుగా ఈ ఉదయం, సరిగ్గా సంఘం కూర్చునే రోజున, పిట్టను చూస్తుందా? చూసి, రోజూ వచ్చేదానికీ దీనికీ తేడా పట్టేస్తుందా? రోజూ వచ్చేది ఒకటుందని ఆమెకెలా తెలుసు? రోజూ చూస్తున్నదా అయితే? తను బ్యాంకులో ఉన్నప్పుడు, బట్టలు పిండి ఆరేస్తూ, క్లిప్పులు నోట్లో పెట్టుకుని, ఆమె రోజూ ఈ మడుగువంక చూస్తూ ఉన్నదా, ఎవరికీ చెప్పకుండా? ఎవరికీ అంటే తనకు. ఈ ఆలోచన బకెట్టు పగులుకన్నా గట్టిగా గిల్లింది. లేక పంజరాల పెద్దాయనా ఆమే కలిసి ఆడుతున్న నాటకమా, ఆయన పిట్టను వదలడం, ఈమె చూడడం, ఇతడు నమ్మి సభలో చదవడం, డాక్టరుగారు లేచి జేబులోంచి పంజరం రసీదు తీయడం? ఆయనకూ సంబంధం ఉండే ఉంటుంది. పళ్ళు పీకేవాడు నవ్వుతూ పీకుతాడు. పోనీ వాళ్ళందరూ నిర్దోషులే అనుకుంటే మిగిలిన అనుమానితుడు ఒక్కడు, వాడు దుప్పటి వెనుక ఉన్నాడు, వాడు ఇన్నేళ్ళుగా పరుల పిట్టలను విచారించాడు గాని దారితప్పిన పక్షిని తన కళ్ళతో ఒక్కదాన్నీ చూసిన పాపాన పోలేదు, కొండలెక్కాడు, బురదలో దిగాడు, జలగలకు రక్తదానం చేశాడు, రాలేదు. అది వచ్చి వచ్చి అతని ఇంటి పైకప్పుమీదే దిగి, అతను కింద గడ్డం గీసుకుంటుండగా, క్లిప్పులు పట్టుకున్న మనిషికి దర్శనమిచ్చిందంటే, నమ్మబుద్ధి కాకపోవడం శాస్త్రనిష్ఠేనా, మరింకేమైనానా? ఆ చివరి ప్రశ్నను కార్యదర్శి 'నిరూపణ కానివి' కట్టలో వేసి గట్టిగా ముడివేశాడు.

ఎండ దుప్పటిని దాటి వస్తున్నది. గొట్టం చివర నీటిబొట్టు ఊరి, లావెక్కి, ఇక పడుతుందనగా పడక, పడింది. మడుగులో ట్యాంకు నీడ వణికి సర్దుకుంది. ఇంకొక బొట్టు. ఇంకొకటి. పిట్టలు వస్తాయంటారు గాని పిట్టలు రావు, ఉంటాయి. ఇంతసేపూ లేనిది, ఇప్పుడు ఉంది.

మడుగు అంచున, నీళ్ళలో సగం కాళ్ళు పెట్టి, తోక పైకీ కిందికీ ఊపుతూ, తన కింద తలకిందులుగా ఉన్న ఇంకొక పిట్టతో పాదాలు కలిపి నిలబడి ఉంది, ఊపిరి ఆగిపోయింది, ఊపిరి ఆగినా చేతులు ఆగలేదు, దుర్భిణి తనంతట తాను దిగి కాళ్ళమీద వాలింది. కుడికాలు. నల్లనిది, పుల్లకన్నా సన్ననిది, తడికి మెరుస్తున్నది. కట్టు లేదు. కట్టు తీసిన జాడ? ఆగు, నీళ్ళలో ఉంది, అడుగు తియ్యమ్మా, తీసింది, దయామయి, లేదు, జాడ లేదు, పొలుసు పొలుసుకూ అంటుకుని ఉంది. ఎడమకాలు. కట్టు లేదు. గోళ్ళు, ముందు మూడు, వెనక ఒకటి, వెనకది పొడుగు, కానీ దాని జాతికి తగిన పొడుగే, వంకర లేదు, మొన అరిగి ఉంది, నేలమీద నడిచి నడిచి అరిగిన మొన, ఎన్ని నేలలమీద నడిచి వచ్చిందో. తోక, ఆపు కాసేపు ఆ ఊపుడు, చివరలు నిలిచి ఉన్నాయి, ఊచల ఒరిపిడి లేదు, బయటి ఈకల తెలుపు మాయకుండా శుభ్రంగా ఉంది. రెక్క మడత, లెక్కకు సరి, కత్తెర పడలేదు, నిర్దోషి, ఇది నిర్దోషి, పంజరం ముఖం ఎరుగని పిట్ట, తానై వచ్చింది, సముద్రాలమీదుగానో మంచుమీదుగానో తనదారిన తాను వచ్చి, ఇక్కడ, వెలిసిన నీలిపూల దుప్పటి ఎదుట, నీళ్ళు తాగుతున్నది. ఆనందమంటే ఇదా! అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుర్భిణి అద్దం మసకేసింది, తుడిచి ఇక ముఖం చూద్దామని పైకెత్తబోయేలోగా పిట్ట చివ్వున లేచి, ఒక్క కూత కూసి, ట్యాంకు పక్కగా ఎగిరిపోయింది. దుర్భిణి దించితే ఎదురుగా మెట్లగది గుమ్మంలో ఆమె నిలబడి ఉంది, కదలకుండా, ఒక అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. ఎంతసేపటినుంచి ఉందో.

"చూశారా?" అంది ఆమె, చెయ్యి తీయకుండానే.

"చూశాను!" అన్నాడు కార్యదర్శి, ఒక యుగంనాటి గొంతుతో. "మాట్లాడకు. రాయాలి. నువ్వక్కడ, నేనిక్కడ."

సంచిలోంచి రెండు ఫారాలూ రెండు కలాలూ తీసి, ఒక జత గుమ్మంలో పెట్టి, వెనుదిరిగి బకెట్టు చేరుకున్నాడు. ఆమె గడపమీద కూర్చుని, ఒళ్ళో క్లిప్పుల బుట్ట బోర్లించి దానిమీద కాగితం పెట్టుకుని, ఆలోచించకుండా రాయడం మొదలుపెట్టింది. కలం చప్పుడు ఇక్కడికి వినబడుతున్నది. ఇతడు శీర్షికలు చూశాడు. తల. తలా? కనుబొమ. గొంతు. రొమ్ము. కళ్ళు మూసుకున్నాడు, పిట్టను రమ్మన్నాడు, వచ్చింది, కాళ్ళు వచ్చాయి, తోక వచ్చింది, రెక్క మడత వచ్చింది, వాటిపైన ఉండవలసిన చోట ఒక వెలుతురు, మబ్బులో కొండ శిఖరం ఉన్నట్టు, ఉందని తెలుసు గాని లేదు. ముఖం లేదు. మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ కాళ్ళే. తెల్లగీత చెవిదగ్గర ఆగిందా, ఆగలేదా? గొంతుకింద ఏముందని పెద్దాయన అన్నాడు, ఏదో ఉందన్నాడు, ఎక్కాలు చదవకుండా ఉంటే తెలిసేది. రోజూ వచ్చే పిట్టకూ కాళ్ళు నల్లనే, తోక తెల్లంచే. సంఘం చరిత్రలో ఇంతటి నిశితమైన దృష్టితో ఇంత తక్కువ చూసినవాడు మరొకడు లేడు. పుస్తకంలో ఉన్నది రాసేస్తే? కనుబొమ చెంపను చుట్టి, గొంతుకింద నల్లని పట్టీ, అని, ఎవరికి తెలుస్తుంది? కలం కాగితం దాకా పోయింది. అంత చక్కని దొంగసంతకాలను రోజుకు ఎన్నిటిని పట్టుకున్నాడు, తన చేతిదీ పట్టుకున్నాడు. తల, కనుబొమ, గొంతు, రొమ్ము: చూడలేదు, అని నాలుగుసార్లు రాశాడు. ఆపై కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కలం ఏనుగెక్కింది. కాళ్ళు రెండు, ఆ సంఖ్యను ధ్రువీకరిస్తున్నాను, అని మొదలై, గోళ్ళ అరుగుదల, పొలుసుల అమరిక, తోకకొసల సమగ్రత, ఇటువంటి పాదవర్ణన ఏ మహారాణికీ దక్కలేదు. చివరి ప్రశ్న ఏ వైపుకు ఎగిరిందని. కుడివైపుకు. అది మాత్రం చూశాడు, దుర్భిణి తుడుస్తూ, ఒట్టి కంటితో.

కాగితాలు మార్చుకున్నారు. ఆమె అతనిది చదువుతూ రెండో పంక్తిలో కనుబొమలెత్తింది. అతడు ఆమెది చదివాడు, గుండ్రటి అక్షరాలు, కిరాణా చీటీ రాసే అక్షరాలే. "కళ్ళపైన తెల్లగీత చెవిదగ్గర ఆగకుండా వెనకనుంచి తిరిగి చెంప చుట్టూ వచ్చింది, ఎవరో పిట్టకి గడ్డం కింద గుడ్డ కట్టినట్టు. గొంతు కింద నల్లటి పట్టీ, నడుమ వెడల్పు, పక్కల సన్నం. రొమ్ము లేత పసుపు, అరటిపండు లోపలి రంగు. కాళ్ళు గమనించలేదు." ఉత్తరదేశపు పిట్ట! అరటిపండు లోపలి రంగన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పుస్తకంలోని మాటా ఇంత సరిగ్గా లేదు. ఫోను బీరువాలో ఉంది. అట్టలు గోడవైపున్నాయి. చివరి ప్రశ్నకు వచ్చాడు. ఎడమవైపుకు ఎగిరింది, అని ఉంది.

ఎడమవైపు. తనది కుడి. ఆమె సాక్ష్యంలో కాళ్ళు లేవు, తనదానిలో తల లేదు, రెండిటికీ కలిసే చోటు ఇదొక్కటే, ఇక్కడే తేడా పడింది, సాయంత్రం పళ్ళ డాక్టరు కూడా అక్కర్లేదు, తనే చెప్పాలి: ఇద్దరూ చూసినది ఒకే పిట్ట అనడానికి ఆధారం లేదు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నారనడానికి ఆధారమేముంది అన్నట్టు. అతడు ట్యాంకువైపు చూశాడు, కుడివైపే ఉంది, కుడివైపుకే పోయింది, ఈ రెండు కళ్ళతో చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి అప్పుడు. అద్దం మసకేసి ఉంది. ముఖాన్నే చూడలేనివాడు వైపు మాత్రం చూడగలిగాడని నమ్మకమేమిటి? ఆమె చూసింది. చూశానని చెప్పింది. అతడు ఆమె చేతిలోంచి తన కాగితాన్ని మెల్లగా లాక్కుని, బకెట్టుమీద పెట్టి, కుడివైపు అన్నదాన్ని అడ్డంగా కొట్టేసి, ఎడమవైపు అని రాశాడు.

"అదేమిటండీ, కొట్టేశారేం?"

"నాదే పొరపాటు. నువ్వు సరిగ్గా చూశావు."

ఆమె అతనివంక, కాగితంవంక, మళ్ళీ అతనివంక చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది, గడపను పట్టుకుని, వంగిపోయి, మాట రాక చేత్తో దుప్పటినీ గుమ్మాన్నీ మార్చిమార్చి చూపించింది. "మీరక్కడ, నేనిక్కడ. ఎదురెదురుగా నిలబడితే మీ కుడి నాకు ఎడమ కాక ఇంకేమవుతుందండీ? ఫారంలో చూడండి, 'సాక్షి నిలుచున్న చోటినుంచి' అని ఎంత స్పష్టంగా ఉందో. రాసింది ఏ మహానుభావుడో!"

మహానుభావుడు చదువుకున్నాడు. ఉంది. తూర్పుపడమరలు తెలియని సాక్షులకోసం తానే, ఎంతో ఆలోచించి, పెట్టిన మాట. రెండు వాఙ్మూలాలూ అక్షరాలా కలిశాయి. కలిసి ఉండేవి, ఇతడు ఒకదాన్ని చెడగొట్టకపోతే. ఎడమవైపును కొట్టేసి మళ్ళీ కుడివైపు రాశాడు. ఒకే జవాబులో రెండు కొట్టివేతలు.

"ఇట్లాంటి కాగితం ఇంకెవరైనా తెస్తే మీరేమనేవాళ్ళు?" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

"దొంగసాక్ష్యం అనేవాణ్ణి."

"మరి సాయంత్రం డాక్టరుగారడిగితే?"

"ప్రతి దిద్దుబాటుకూ పక్కన కారణం రాసి సంతకం చెయ్యాలి. నియమం."

రెండో దిద్దుబాటు పక్కన, దిశాభ్రమ సవరణ, అని గబగబా రాసి సంతకం చేశాడు. మొదటిదాని దగ్గర కలం ఆగింది. ఆమె వెనకనుంచి వంగి చూస్తున్నది, సబ్బు వాసన. తరువాత అంచున ఉన్న కొద్ది చోటులో, చిన్న అక్షరాలతో, భార్య మాట నమ్మినందువలన, అని రాసి, కింద సంతకం చేశాడు, ఏ బ్యాంకువాడూ పోల్చుకోలేనంత వంకరగా.

ఆమె ఆ పంక్తిని చదివింది. మళ్ళీ చదివింది. పిట్ట మాట ఎత్తలేదు.

"తేదీ కూడా వెయ్యండి," అంది. "రేపు కాదంటారు."